వెనక సీటు నుంచి లోయ

ఘాట్ రోడ్డులో బండి నడిపే మనిషికి లోయ కనిపించదు. కనిపించకూడదు కూడా. మలుపు తిరిగేటప్పుడు అతని కళ్ళు మలుపు చివర ఉండాలి. చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. లోయకేసి చూస్తే బండి కూడా లోయకేసి జరుగుతుంది. అందుకని కింద పరుచుకున్న పచ్చదనమూ, దాని మీద పాకే మబ్బు నీడలూ, ఎక్కడో సన్నగా మెరిసే గెడ్డా, అన్నీ వెనక కూర్చున్న మనిషి వాటాకే వస్తాయి. మా ఇంట్లో ఆ వాటా నాది.

మా ఆయన బుల్లెట్ నడుపుతారు. నేను వెనక కూర్చుని చూస్తాను, చూసింది చెప్తాను. "ఎడమ పక్క కింద మబ్బు రెండుగా విడిపోయిందండీ. మధ్యలోంచి ఊరు కనిపిస్తోంది. నాలుగు పెంకుటిళ్ళు, ఒక చింతచెట్టు, దాని కింద ఆవులు" అంటాను. ఆయన తల తిప్పరు. "ఇంకా?" అంటారు. ఇంకా చెప్తాను. ఘాట్‌లో బండి ముప్ఫై, ముప్ఫై అయిదుకి మించి పోదు కాబట్టి హెల్మెట్ అద్దం కొంచెం ఎత్తితే మాట మాటకి అందుతుంది.

మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ శ్రవ్యమనీ రెండుగా చెప్పారు. ఒకే లోయ, ఒకే క్షణంలో, ఒకే బండి మీద నాకు దృశ్యంగానూ ఆయనకి శ్రవ్యంగానూ అందుతుంది. కారులో ఇద్దరికీ మధ్య గేరు రాడ్డు, ఇద్దరికీ కొండకీ మధ్య అద్దం. బస్సులో ఇద్దరూ ప్రేక్షకులే, నడిపేవాడు మూడో మనిషి. రెండు చక్రాల మీద కొండలెక్కే దంపతులకి తప్ప ఇంకెవరికీ ఈ భోగం లేదని నా గట్టి నమ్మకం.

నేను చెప్పేది విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి, అరకు, పాడేరు, లంబసింగి చూసుకుంటూ నర్సీపట్నం వైపు దిగే దారి గురించి. మనాలి నుంచి లేహ్ దాకా బళ్ళ మీద వెళ్ళొచ్చిన స్నేహితులు మాకున్నారు. అయిదు వేల మీటర్ల ఎత్తు దాటే కనుమల గురించి వాళ్ళు చెప్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ కొండ మనిషిని దూరంగా నిలబెట్టి దర్శనమిస్తుంది. మా తూర్పు కనుమలు అలా కాదు, చేతికందుతాయి. కొమ్మ భుజానికి రాసుకుంటుంది, ఊట నీరు రోడ్డుకి అడ్డంగా పారి పాదాలు తడుపుతుంది, మలుపులో ఎదురొచ్చిన మేక మన ముఖంలోకి చూసి మరీ పక్కకి తప్పుకుంటుంది. రసానికి ఎత్తు కంటే దగ్గరితనం ముఖ్యమని నేననుకుంటాను.

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చే రోజులు ఈ దారికి మంచివి. శృంగవరపుకోటలో బయల్దేరినప్పుడు గాలి ఇంకా మైదానం గాలే, కొంచెం దుమ్ము, కొంచెం వంటపొయ్యిల పొగ. బొడ్డవర దాటి ఎక్కడం మొదలయ్యాక ప్రతి నాలుగైదు మలుపులకీ గాలి మారుతుంది. ముందు మోకాళ్ళకి తెలుస్తుంది, తర్వాత మణికట్లకి. ఒక మలుపులో నీడ పడి చల్లగా ఉంటుంది, మరు మలుపులో ఎండ తగిలి గోరువెచ్చన. మళ్ళీ నీడలోకి వెళ్ళేసరికి ఇందాకటి కంటే ఇంకో మెట్టు చలి. కారువాళ్ళు ఒకేసారి అనంతగిరిలో తలుపు తీసి "అబ్బ, చల్లగా ఉంది" అంటారు. బండి మీద వెళ్ళేవాళ్ళకి ఆ చల్లదనం ఆలాపనలా ఒక్కో స్వరం నిలుపుకుంటూ వస్తుంది.

రోడ్డు కోసం కొండని చెక్కిన చోట రాయి చూడండి. ఖోండలైట్ అంటారు దాన్ని. వానకీ ఎండకీ ఎర్రబారి పొరలు పొరలుగా ఉంటుంది. బండి ఆపి దగ్గరికి వెళ్తే పొరల్లో ముదురు ఎరుపు గింజలు కనిపిస్తాయి, గార్నెట్లు. వేలితో రాస్తే ఒకటో రెండో ఊడి అరచేతిలోకి వస్తాయి. కోటానుకోట్ల ఏళ్ళ కిందట భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ పుట్టిన గింజలవి. మా ఆయన చేతి తొడుగు విప్పితే వాటిని అరచేతిలో పోశాను. ఆయన వాటిని ఎండకి పెట్టి, చాలాసేపు తిప్పి తిప్పి చూసి, మళ్ళీ రాతి మొదట్లోనే జాగ్రత్తగా పోసి వచ్చారు.

ఇక మలుపు సంగతి. దీని గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే దాంపత్య శృంగారానికి ఇంతకంటే కచ్చితమైన అభినయం నేను చూడలేదు.

బండి మలుపు తిరగాలంటే వాలాలి. వెనక కూర్చున్న మనిషి భయపడి నిటారుగా ఉండిపోతే, అదే మలుపుకి నడిపే మనిషి బండిని ఇంకా ఎక్కువ వాల్చాలి. ఎదురు దిక్కుకి ఒరిగితే ఇంకా కష్టం. అందుకని ఇద్దరూ కలిసి, అంతే వాలు, అంతే సేపు వాలాలి. దీనికి మాటలుండవు. కుడి మలుపు వస్తోందంటే నా చూపు ఆయన కుడి భుజం మీదుగా ముందుకి పోతుంది, ఎడమ మలుపుకి ఎడమ భుజం మీదుగా. చూపు అటు పోగానే ఒళ్ళు తనంతట తానే సరైన చోటికి చేరుతుంది. ఆయన గేరు తగ్గించబోయే ముందు వీపులో చిన్న బిగువు వస్తుంది, అది నా అరచేతులకి తెలుస్తుంది. ఇంజను గొంతు మారేలోపే నా మోకాళ్ళు దగ్గరపడతాయి. అనంతగిరి ఘాట్‌లో ఒక మలుపు తీరకముందే ఇంకో మలుపు మొదలవుతుంది. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. కాసేపటికి ఎవరు ముందు వాలారో, ఎవరు అనుసరించారో తెలియదు. తెలియని ఆ కాసేపే నేను రసం అనేది.

బుల్లెట్ ఇంజను కూడా ఇందులో ఒక పాత్రధారి. 1955లో మద్రాసులో తయారీ మొదలైన బండి. ఇప్పటి 350లో ఒకే సిలిండరు, 72 మిల్లీమీటర్ల వెడల్పు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 85.8 మిల్లీమీటర్లు. వెడల్పు కంటే దూరం ఎక్కువ కావడం వల్ల తక్కువ వేగంలోనే బలం పుంజుకుంటుంది. ఎక్కుడులో గొంతు చించుకోకుండా మూడో గేరులో నిదానంగా లాక్కుపోతుంది. ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపించే విలంబిత లయ అది. దాని మీద మాటలు పేర్చడం సులువు. నా వర్ణనలన్నీ ఆ తాళానికే అతుకుతాయి.

శృంగారంలో నాయికా నాయకులు ఒకరికొకరు ఆలంబనం. వెన్నెలా, మలయమారుతమూ, కోయిల కూతా ఉద్దీపనం. అంటే మనుషులు ముఖ్యం, ప్రకృతి వాళ్ళ భావాన్ని రగిలించే సామగ్రి. బండి మీద ఇది తారుమారవుతుంది. మాకు ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. నాకు కనిపించేది హెల్మెట్ వెనక భాగం, దాని కింద రెండు వేళ్ళ మేర మెడ, అక్కడ నెరిసిన నాలుగు వెంట్రుకలు. ఆయనకి నేను అద్దంలో ఒక భుజం ముక్కని. ఇద్దరం చూసేదీ, వినేదీ కొండనే. కొండ ఆలంబనం, దగ్గరున్న మనిషి ఉద్దీపనం. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని కరెంటు బిల్లు గురించీ పిల్లల గురించీ మాట్లాడుకునే ఇద్దరు ఇక్కడ ఒకే దిక్కుకి తిరిగి ఒకే దాన్ని ప్రేమిస్తారు. ఏళ్ళ తరబడి కాపురం చేశాక ప్రేమకి ఈ కొత్త కూర్పు చాలా అవసరం.

కాళిదాసుకి ఈ రహస్యం తెలుసు. రఘువంశం పదమూడో సర్గ దాదాపు మొత్తం దంపతుల ప్రయాణమే. లంక నుంచి అయోధ్యకి పుష్పకం మీద వెళ్తూ రాముడు సీతకి కింది సముద్రాన్నీ, కొండల్నీ, నదుల్నీ చూపిస్తాడు. పుష్పకానికి పగ్గాలు అక్కర్లేదు, మనసు ఎటంటే అటు పోతుంది. కాబట్టి రాముడికి చూడ్డానికీ చెప్పడానికీ తీరిక ఉంది, సీత వింటుంది. అందులో ఒక చోట సీత కుతూహలం కొద్దీ గవాక్షంలోంచి చెయ్యి చాపి మబ్బుని ముట్టుకుంటుంది. మబ్బులో మెరుపు మెరుస్తుంది. ఆమె చేతికి మబ్బు ఇంకో కంకణం తొడిగినట్టుందని రాముడి మాట. రాముడు చూపించే చోట్లలో కొన్ని సీత లేనప్పుడు అతను ఏడ్చిన చోట్లు. తొలకరి వానకి తాళలేకపోయిన మాల్యవంతం, ఆమె అందె దొరికిన నేల. విరహంలో చూసిన ఊళ్ళని కలిసి ఉన్నప్పుడు తిరిగి చూడటం! సంభోగమూ విప్రలంభమూ ఒకే శ్లోకంలో పక్కపక్కన కూర్చుంటాయి.

మళ్ళీ మా దారికొస్తే, గాలికొండ దగ్గర ఆగినప్పుడు కింద నుంచి గూడ్సు బండి చప్పుడు వచ్చింది. కొత్తవలస–కిరండూల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960ల్లో ఈ కొండల్ని 58 చోట్ల తొలిచి వేసిన దారి. రైలు కనిపించలేదు, మబ్బు అడ్డం. సొరంగంలోకి వెళ్ళినప్పుడు చప్పుడు మునిగిపోయి, బయటికొచ్చాక మళ్ళీ తేలింది. అప్పుడు మా ఆయన కూడా శ్రోత, నేనూ శ్రోతే. ఇద్దరం పిట్టగోడ మీద కూర్చుని రైలు ఎంత దూరం పోయిందో చెవులతోనే కొలుచుకున్నాం.

సుంకరమెట్ట వైపు కాఫీ తోటలు మొదలవుతాయి. నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగెలు, కింద నీడలో కాఫీ మొక్కలు. ఈ నెలల్లో కాయ ఎర్రబడి ఉంటుంది. ఆడవాళ్ళు నడుముకి బుట్టలు కట్టుకుని పండిందాన్ని మాత్రమే వేళ్ళతో తిప్పి తీస్తారు, పచ్చిది కొమ్మకే వదిలేస్తారు. పక్కపక్కనే ఉన్న రెండింట్లో ఏది ఇవాళ్టిదో ఏది వచ్చే వారానిదో ఆ వేళ్ళకి తెలుసు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఈ వేళ్ళకి చెందాలని నా మనసు.

అరకు ఊళ్ళో మేం ఎక్కువసేపు ఉండం. ఆ ఊరు ఇప్పుడు హోటళ్ళది. అయితే ఊరు దాటగానే వలిసె పూలు. రోడ్డుకి రెండు పక్కలా కొండ మొదలు దాకా పసుపు. వెనక సీటు వర్ణనకి ఇక్కడ పని లేదు. అంత పసుపు ఉన్నప్పుడు రోడ్డు మీదే కళ్ళు పెట్టిన మనిషికి కూడా రెండు కనుకొలకుల్లోంచీ అది లోపలికి వచ్చేస్తుంది. "చెప్పక్కర్లేదు, వచ్చేసింది" అన్నారు మా ఆయన.

అరకు నుంచి పాడేరు దాకా దారి పొడుగునా సంతకి వెళ్ళే జనం. అడ్డాకుల కట్టలు, కొండ చీపుళ్ళు, పసుపు కొమ్ములు, పిప్పళ్ళు. తలల మీద, కావిళ్ళలో, బళ్ళ మీద. మాలాగే బండి మీద భార్యాభర్తలు ఎదురవుతారు. అతని ముందు ట్యాంకు మీద బిడ్డ, వెనక ఆమె, ఇద్దరి మధ్య అల్లం బస్తా. వాళ్ళు వాలే తీరు చూస్తే మా వాలు ఇంకా సాధనలోనే ఉందని తెలుస్తుంది. బస్తాతో సహా ఒక్క శరీరం. ఆమె చూపు భర్త భుజం మీదుగా ముందుకే ఉంది. ఈ మలుపులు వాళ్ళకి రోజూ తిరిగే ఇంటి గుమ్మాలు. నేను చెయ్యి ఊపితే ఆమె నవ్వి చెయ్యి ఊపింది.

పాడేరులో మా పాత్రలు మారాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆయన అక్కడ ఒంటరిగా ఉన్నారు. అప్పటికి పెళ్ళి కుదిరిందే గానీ కాలేదు. మోదకొండమ్మ గుడి దగ్గర బండి ఆపి, స్టాండు వేసి, హెల్మెట్ తీసి మాట్లాడటం మొదలుపెట్టారు. "అదిగో ఆ మేడ ఉన్నచోట రేకుల షెడ్డు ఉండేది. అందులో చివరి గది నాది. వాన పడితే రేకుల చప్పుడుకి నిద్రపట్టేది కాదు. లేచి నీకు ఉత్తరం రాసేవాణ్ణి. పోస్టాఫీసు అటు పక్క. డబ్బాలో వేశాక కూడా కాసేపు అక్కడే నిలబడేవాణ్ణి." ఆయన చూపించినచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. నేను రేకుల షెడ్డునే చూశాను. ఆ ఉత్తరాలు నాకు అందాయి, చదివాను, దాచుకున్నాను. అవి బయల్దేరిన చోటు మాత్రం అప్పుడే తెలిసింది. పొద్దుట నుంచీ నేను చెప్తుంటే విన్న మనిషి ఇప్పుడు చెప్తున్నారు. పొద్దుట నుంచీ చూసిన నేను వింటున్నాను. అది నా పదమూడో సర్గ.

జి.మాడుగుల మీదుగా లంబసింగికి చీకటి పడ్డాక చేరి, మర్నాడు తెల్లవారకముందే లేచాం. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు, శీతాకాలంలో సున్నా దగ్గరికి దిగుతుంది. సీటు మీద పేరుకున్న మంచుని గుడ్డతో తుడిచి కూర్చున్నాం. బండి కదిలిన రెండు నిమిషాలకి ముందు చక్రం తప్ప ఏదీ కనిపించలేదు. మబ్బు రోడ్డు మీదికి దిగి ఉంది. నేను చేతి తొడుగు తీసి చెయ్యి పక్కకి చాపాను. మెరుపు లేదు. తీసి చూసుకుంటే గాజుల మీద వరసగా నీటి పూసలు. హెడ్‌లైటు వెలుగు తెల్ల గోడకి కొట్టి వెనక్కి వచ్చినప్పుడు అవి ఒక్కసారిగా మెరిశాయి. కాళిదాసు అబద్ధం చెప్పలేదు.

ఆ చలిలో నాకు భరతముని గుర్తొచ్చాడు. నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిది. అందులో రోమాంచం, వణుకు, గొంతు మారడం, కన్నీరు ఉన్నాయి. లంబసింగి తెల్లవారుజామున బండి మీద ఈ నాలుగూ వచ్చి తీరతాయి. ఇది శరీర ధర్మమే గదా, భావం ఎలా అవుతుందని ఎవరైనా అడగొచ్చు. వణుకుకి భరతుడు చెప్పిన కారణాల్లో చలీ, భయమూ, హర్షమూ, స్పర్శా ఒకే వరసలో ఉన్నాయి. రోమాంచానికీ అంతే. ఆ మహానుభావుడు చలిని తక్కువ చేసి పక్కన పెట్టలేదు. వణికే మనిషికి ఆ వణుకులో చలి ఎంతో, సంతోషం ఎంతో విడదీయడం సాధ్యం కాదని ఆయనకి తెలుసుండాలి. నా రెండు చేతులూ మా ఆయన జాకెట్ జేబుల్లో ఉన్నాయి. ఆయన వణుకు నాకు తెలుస్తోంది, నాది ఆయనకి. "చలేస్తోందా?" అన్నారు, మారిన గొంతుతో. అవునన్నాను. కాదనలేదు గానీ అవునన్నది సగం నిజమే.

సూర్యుడు వచ్చాక మబ్బు కొండ అంచు దాకా తగ్గి అక్కడ ఆగింది. కింద లోయ నిండా తెలుపు, పైన మేం, మధ్యలో కొండ శిఖరాలు ద్వీపాల్లా. ఇక్కడ నేను వర్ణన ఆపేసి, బండి ఆపమని భుజం మీద రెండుసార్లు తట్టాను. కొన్నిటిని ఆయన నా మాటల్లో కాకుండా తన కళ్ళతోనే చూడాలి.

లంబసింగి నుంచి నర్సీపట్నం దిగే దారిలో వెనక సీటుకి ఇంకో అనుభవం ఉంది. ఎక్కేటప్పుడు కొండ నన్ను వెనక్కి లాగుతుంది, పట్టుకుని ఉండాలి. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజను పట్టి ఆపుతూ, బ్రేకు తాకినప్పుడల్లా నా బరువంతా ముందుకి, ఆయన వీపు మీదికి జారుతుంది. ఎక్కుడు ఎడబాపుతుంది, దిగుడు కలుపుతుంది. అందుకే ఈ దారిని అనంతగిరిలో ఎక్కి ఇక్కడ దిగాలంటాను. శృంగారం విప్రలంభంతో మొదలై సంభోగంతో ముగియాలి.

కానీ ఈ మలుపుల్లో శృంగారం ఒక్కటే లేదు. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించినప్పుడు, సరైన కూలి ఇవ్వకుండా కొండవాళ్ళ చేత రాళ్ళు కొట్టించాడు. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదలడానికి ఆ కష్టం ఒక కారణం. గాం గంటందొర, గాం మల్లుదొర ఆయనతో నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మేం ఇంత హాయిగా వాలుతున్న దారి మొదట ఎవరి వీపుల మీద సాగిందో తెలిశాక మలుపు అందం తగ్గలేదు, బరువెక్కింది. నేనీ కథంతా దిగుతూ దిగుతూ మా ఆయనకి చెప్పాను. ఆయన "ఇంకా?" అనలేదు. వేగం కొంచెం తగ్గించారు.

డౌనూరు దాటి మైదానంలోకి వచ్చేసరికి ఎండ చురుక్కుమంది. జాకెట్లు విప్పి, కొట్టు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగుతూ ఏ మలుపు గొప్పదని వాదించుకున్నాం. ఆయనది అనంతగిరి పక్షం. నాది లంబసింగి. తేలలేదు. అప్పుడు ఆయనే ఒక మాట అన్నారు. వేసవి మొదట్లో ఒక మంచి వాన పడ్డ వారం పది రోజులకి సుంకరమెట్ట దగ్గర చూసిన కాఫీ తోటలన్నీ ఒక్కసారిగా పూస్తాయట. కొమ్మ పొడుగునా తెల్లటి కాఫీ పూలు, మల్లెల వాసన. మలుపు మీద కళ్ళు పెట్టిన మనిషికీ, లోయ చూసే మనిషికీ వాసన ఒకేసారి అందుతుంది. "అప్పుడు నువ్వేం చెప్పక్కర్లేదు" అన్నారు. "అయినా చెప్తాను" అన్నాను. పాడేరులో ఆయన పాత స్నేహితుడు వాన పడ్డ రోజు ఫోన్ చేస్తానన్నాడు. బండికి బ్రేకు ప్యాడ్లు మార్పించి ఉంచాం. ఏ అర్ధరాత్రి ఫోన్ వచ్చినా రోజులు లెక్కపెట్టడం మొదలుపెడతాం.